అంబాబాయి ఆది జాకెట్టు

1978 ఫిబ్రవరి మొదటి వారంలో, ఆదోనిలో భీమసేనరావు గారింటి చెక్క బీరువాలో పై అరన ఒక కాగితం ఉండేది. మందపాటి బాండు కాగితం. దాని మీద ఆయనే గుండ్రటి ఇంగ్లీషు అక్షరాలతో కోడలు అంబాబాయి రాజీనామా రాసిపెట్టారు. అంబాబాయి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. రెండుసార్లు సెలవు పొడిగించింది. ఇక పొడిగించేది లేదనీ, ఆరో తేదీ సోమవారం డ్యూటీలో చేరకపోతే ఉద్యోగం వదులుకున్నట్టేననీ ఆఫీసు నుంచి తాఖీదు వచ్చింది. ఆ తాఖీదు మీదే ఈ ఉత్తరం పెట్టారు. తేదీ వేయలేదు, సంతకానికి చోటు వదిలారు.

భీమసేనరావు చెడ్డవాడేం కాదు. ముప్పయ్యేళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. వాళ్ళు తీసేశారనిపించుకోవడం కంటే మనమే మర్యాదగా మానుకోవడం మేలని ఆయన అభిప్రాయం. పైగా ఉత్తరం బాగా కుదిరిందని ఆయనకే ముచ్చట. ఇంటికి వచ్చినవాళ్ళలో ఒకరిద్దరికి చదివి వినిపించారు కూడా.

అంబాబాయి ఎందుకు ఉద్యోగానికి పోవడం లేదన్నదానికి ఇంట్లో తలా ఒక కారణం చెప్పేవాళ్ళు. చంటిదాన్ని వదల్లేకపోతోందని అత్త. కాన్పు నీరసం ఇంకా తగ్గలేదని భర్త శ్రీపాదరావు. ఆయన పత్తి మిల్లులో గుమాస్తా, ఎవరినీ నొప్పించని రకం. ఇద్దరు పిల్లల తల్లికి ఉద్యోగం మీద మనసు ఎట్లా ఉంటుందని మామగారు. ముగ్గురికి ముగ్గురూ మంచిగానే ఆలోచించారు గానీ అసలు కారణం దరిదాపులకు ఒక్కరూ పోలేదు. అసలు కారణం జాకెట్లు. అంబాబాయికి జాకెట్లు పట్టడం లేదు.

నవ్వొస్తే నవ్వండి, ఏం ఫరవాలేదు. మగవాడికి చొక్కా బిగుతైతే ఇంకో చొక్కా కుట్టించుకుంటాడు. దానికోసం ఇంట్లో సభలు జరగవు, రాజీనామాలు తయారు కావు. ఆడమనిషికైతే ఆ ఒక్క మాట గొంతు దాటి రావడానికే రెండు నెలలు పట్టింది.

అంబాబాయిది ఎమ్మిగనూరు. మఠంలో వంట చేసేవాళ్ళ ఇంటి పిల్ల. 1971లో పంతొమ్మిదేళ్ళప్పుడు ఆదోనిలో ఉద్యోగం వచ్చింది. పక్కింటి శేషప్ప తన మగ్గం మీద నేసిన వంగపండు రంగు గుడ్డతో తల్లి జాకెట్టు కుట్టించి, అది తొడిగి పంపింది. అప్పట్లో ఆ పిల్ల ఎంత సన్నమంటే, ఫ్యాను వేసేముందు అంబాబాయిని ఎవరైనా పట్టుకోండని ఎక్స్ఛేంజిలో తోటివాళ్ళు ఆటపట్టించేవాళ్ళు.

ఆ ఉద్యోగం ఆమెకు ప్రాణం. ఎదురుగా నిలువెత్తు బోర్డు, దాని నిండా చిల్లులు. ఊళ్ళో ఎవరైనా ఫోను ఎత్తితే చిన్న దీపం వెలుగుతుంది. దాని కింది చిల్లులో తీగ పెట్టి "నంబర్ ప్లీజ్" అనాలి, వాళ్ళు అడిగిన నంబరు చిల్లులో రెండో తీగ గుచ్చాలి. పత్తి సీజనులో ఆదోని వ్యాపారులు బొంబాయి ధర కోసం ట్రంకు కాల్స్ మీద కాల్స్ బుక్ చేసేవాళ్ళు. ఆ లైన్లన్నీ బోర్డుకు పైవరసలో. కుర్చీలో కూర్చున్న మనిషి చెయ్యి పూర్తిగా చాపి, ఒళ్ళు సాచి అందుకోవాలి. అట్లా గంటకు వందసార్లు. ఊళ్ళో సగంమందికి ఆమె ముఖం తెలియదు, గొంతు మాత్రం తెలుసు.

పెద్దది 1974లో పుట్టింది. అప్పుడు ఒళ్ళు కాస్త వచ్చినా, జాకెట్ల పక్క కుట్లు విప్పుకొని నెట్టుకొచ్చింది. రెండోది పోయిన ఆగస్టులో ఎమ్మిగనూరులో పుట్టింది. మఠంలో వంట చేసిన చేతులు బాలింతకు నెయ్యి వడ్డించేటప్పుడు చూసీచూసీ వేస్తాయా? భుజాలు నిండినాయి, చేతులు లావైనాయి, పాలతో ఎద బరువెక్కింది. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ తల్లి పాత మాసికల జాకెట్లలో వదులువదులుగా తిరిగింది కాబట్టి ఆమెకూ అంతగా తెలిసిరాలేదు.

తెలిసింది డిసెంబరులో. సెలవు అయిపోయి డ్యూటీకి పోయిన మొదటి రోజు. విప్పగలిగిన కుట్లన్నీ విప్పి, ఊపిరి బిగబట్టి హుక్కులు పెట్టుకొని పోయింది. పది గంటలకు బొంబాయి లైను అడిగారు. చెయ్యి పైకి చాపింది. చంక దగ్గర మొదలై పక్కటెముకల దాకా పర్రున చినిగింది. ఆ చప్పుడు తనకు తప్ప ఎవరికీ వినబడలేదు. కానీ సాయంత్రం దాకా కొంగు ఒళ్ళంతా చుట్టుకొని, కుడిచెయ్యి పక్కకు అదిమిపెట్టి, ఎడమచేత్తో తీగలు గుచ్చింది. పైవరస అందలేదు. ఎన్నో కాల్స్ తప్పిపోయినాయి. పాలు దిగి గుడ్డ తడిసింది. వాళ్ళూ వీళ్ళూ విసుక్కున్నారు. ఏడేళ్ళలో ఒక్క మాట పడని మనిషి, ఆ రోజు తలవంచుకొని ఇంటికొచ్చి సెలవు పొడిగించమని రాసేసింది. ఎందుకని అడిగితే పసిపిల్ల అంది.

జనవరి చివర్లో తాఖీదు వచ్చాక ఇక తప్పదని, శేషప్ప నేసిన గుడ్డ ముక్కలు మూడు ఇంట్లో ఉంటే తీసుకొని బజారులో బసన్న దగ్గరికి పోయింది. బసన్న ఆ ఇంటికి పాత దర్జీ. మగ దర్జీలు ఆడవాళ్ళను టేపుతో కొలిచే కాలం కాదది. సరిగ్గా పట్టే పాత జాకెట్టు ఒకటి తీసుకుపోయి ఇస్తే, దాన్ని బల్ల మీద పరిచి, అదే కొలతకు కొత్తది కుట్టి ఇస్తారు. దాన్నే ఆది అంటారు. ఆదికి నూలుపోగు తేడా రానివ్వడని బసన్నకు పేరు.

అంబాబాయి ఆదిగా ఏమిచ్చిందనుకున్నారు? ఆ వంగపండు రంగు జాకెట్టు.

బసన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. మనిషిని చూడలేదు, చూడడు. "ఇదేనామ్మా ఆది?" అన్నాడు.

"ఇదే."

"లోపల రోంత గుడ్డ ఎక్కువ వదలల్లా?" అంతకంటే అడగడం ఆయనకు చేతకాదు. ఆయన అడగాలనుకున్నది ఆమెకు అర్థం కాకపోలేదు. కానీ అంగట్లో ఇంకో ఇద్దరున్నారు.

"ఏమీ వద్దు. ఉన్నదున్నట్టు కుట్టు" అంది.

ఎందుకట్లా అంది? ఆమే తర్వాత చాలాసార్లు తనను తాను తిట్టుకుంది. తన కొలత అదేనని ఆమె నమ్మకం. మధ్యలో వచ్చిన ఈ ఒళ్ళు చుట్టంచూపుగా వచ్చిందని, డ్యూటీలో చేరేనాటికి దాని దారిన అది పోతుందని అనుకుంది. ఇంకో పెద్ద జాకెట్టు ఆదిగా ఇస్తే ఇక అదే తానని ఒప్పుకున్నట్టు అవుతుందని భయం.

గురువారం మధ్యాహ్నం మూడు జాకెట్లూ వచ్చినాయి. నూలుపోగు తేడా లేదు. స్నానాల గదిలో తలుపేసుకొని ఒకటి తొడగబోతే మోచెయ్యి దాటి ఎక్కలేదు. రెండోదీ అంతే. మూడోది చూడనక్కరలేదని తెలిసీ తొడిగి చూసింది. అక్కడే పీట మీద కూలబడి ఏడ్చింది. సిగ్గూ, కోపం, దుఃఖం కలగాపులగంగా వచ్చినాయి. సోమవారానికి మధ్యలో మూడు రోజులున్నాయి. ఉద్యోగం పోతుందన్న బాధ ఒకటైతే, ఇంత పనికిమాలిన కారణానికి పోతుందన్న మంట ఇంకొకటి. బయట చంటిది గుక్కపట్టింది. అత్త తలుపు తట్టింది.

తలుపు తీసిన కోడల్ని, నేల మీద జాకెట్లను అత్త చూసింది. పిల్లను చేతికిచ్చి, పాలు తాగడం మొదలుపెట్టినాక మెల్లగా అడిగింది.

"నీకు ఉద్యోగానికి పోవాలని ఉందా లేదా? నాకు నిజం చెప్పు."

"ఉంది అత్తా."

"పిల్లను నేను చూసుకోనా? రెండుపూటలా ఎక్స్ఛేంజికి ఎత్తుకొని వచ్చి పాలిప్పించుకొని పోనా? మరి ఏమైంది?"

"తొడుక్కోడానికి లేదు" అంది అంబాబాయి. డిసెంబరులో చినిగిన సంగతి నుంచి బసన్న దగ్గర అన్న మాట దాకా అంతా చెప్పేసింది.

అత్త నవ్వుతుందనుకుంది. నవ్వలేదు. "మీ ఆయన పుట్టినాక నేను రెండేండ్లు గడప దాటలేదు. కొత్తగా కుట్టించమని ఎవరినడగాలో తెలీక. నాకు ఉద్యోగం లేదు కాబట్టి ఎందుకు రావడం లేదని నన్నెవరూ అడగలేదు" అంది. పోయి తన మోచేతుల జాకెట్టు, ముందు ముడి వేసుకునేది, తెచ్చి చేతిలో పెట్టింది. "రేపు ఇది తొడుక్కో. జొహరాబీ దగ్గరికి పోదాం."

జొహరాబీ నూనె మిల్లులో పనిచేసే గనీ భార్య. ఇంటి ముందరి గదిలో పరదా కట్టుకొని, కాలి మిషను మీద ఆడవాళ్ళకు మాత్రమే కుట్టేది. శుక్రవారం నమాజు వేళ దాటినాక అత్తాకోడళ్ళు పోయారు. అంబాబాయి అలవాటు కొద్దీ వంగపండు రంగు జాకెట్టు ముందు పెట్టింది.

జొహరాబీ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకొని, "ఇది ఎవురిదమ్మా?" అంది.

"నాదే."

"యప్పటిది?"

"డెబ్బై ఒకటిలోది."

"అప్పుడు నీకు పెండ్లయిందా?"

"లేదు."

"అయితే ఇది నీది కాదు. ఆ పిల్లది. ఆ పిల్లను రమ్మను, కుడతా" అని జాకెట్టు మడిచి వెనక్కి ఇచ్చేసింది. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. అంబాబాయికి చివుక్కుమంది, కానీ రెండు నెలల తర్వాత మొదటిసారి తనకూ నవ్వొచ్చింది.

జొహరాబీకి అంకెలు రావు. టేపు వాడేది కాదు. నూలు దారం తీసి ఒంటికి చుట్టి, ఎక్కడికి వస్తే అక్కడ ముడి వేసేది. అంకె పైకి చదివేది లేదు కాబట్టి ఎవరికీ ఏదీ వినబడదు. ఎద చుట్టుకొలతకు ఒక దారం, భుజానికి ఒకటి.

"ఏం పని సేస్తావు?" అని అడిగింది. అంబాబాయి చెప్పింది. "చెయ్యి యాడికి పోతాది? చేసి సూపించు."

అంబాబాయి లేని బోర్డు ముందు కూర్చొని చెయ్యి పైకి చాపింది. ఆ చెయ్యి అట్లా చాపి ఉండగానే జొహరాబీ చంక కింద దారం పెట్టి కొలిచింది. బసన్న బల్ల మీది జాకెట్టును కొలిచేవాడు. ఈమె పని చేస్తున్న మనిషిని కొలిచింది. "చంకలో మూలకు కోసిన ముక్క యేస్తా. లేపినా లాగదు. ముందు లోపల రెండు పొరల గుడ్డ కుడతా, పాలొచ్చినా బయటికి కనపడదు. బిడ్డకు పాలిచ్చేదానికి పై హుక్కులు రెండు తీస్తే సాలు" అంది. ఇవన్నీ ఉప్పూ చింతపండు సంగతి మాట్లాడినంత మామూలుగా.

"ఈ మూడింటినే పెద్దవి చేయరాదా?"

జొహరాబీ కుట్లు తిప్పి చూసింది. లోపల అంగుళం గుడ్డ కూడా లేదు. "ఇవి నీ పెద్దబిడ్డకు దాచు. నాకు వేరే గుడ్డ తెచ్చియ్యి. మిల్లు గుడ్డ వద్దు, చెమటకు అంటుకుంటాది. మగ్గం గుడ్డ తే."

మగ్గం గుడ్డంటే శేషప్పే. శనివారం పొద్దున్నే అత్త జాకెట్టు తొడుక్కొని, చంటిదాన్ని ఎత్తుకొని ఎమ్మిగనూరు బస్సెక్కింది అంబాబాయి. కాన్పు తర్వాత ఒంటరిగా ఊరు దాటడం అదే మొదటిసారి. ఆ జాకెట్టులో ముసలమ్మలా ఉన్నానని దారి పొడవునా కుమిలింది. బస్సులో ఒక్కరూ ఆమె వైపు చూడలేదు. అందరూ చూస్తారనుకున్నదంతా తన బుర్రలోనే ఉందని సగం దారి దాటేసరికి అర్థమైంది.

శేషప్ప మగ్గం గుంతలో నుంచి తలెత్తి చూశాడు. చూపు మందగించింది. "ఎవురమ్మా?" అన్నాడు.

తనను పుట్టినప్పటి నుంచి ఎరిగిన మనిషి గుర్తుపట్టకపోయేసరికి ఆమె ప్రాణం ఉసూరుమంది. "జాకెట్టు గుడ్డ కావాల శేషప్ప తాతా" అంది.

"ఓయమ్మా, అంబవా! గొంతు ఇంటానే తెలిసిపాయె. గొంతు మాత్రం అట్లే ఉండాది తల్లీ" అని మగ్గం ఆపి లేచి వచ్చాడు. గొంతు అట్లే ఉండాది. ఎక్స్ఛేంజికి కావలసింది ఆ గొంతూ, పైవరస అందుకునే చెయ్యీ కదా. ఆ మాటకు ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి, పసిదాని టోపీ సర్దుతున్నట్టు తల దించుకుంది. ఇటుక రంగుది, ఆకుపచ్చది, నల్లంచుది మూడు ముక్కలు కోయించుకొని, తల్లిని పలకరించి, మధ్యాహ్నం బస్సుకే తిరిగి వచ్చింది.

ఆదివారం పొద్దున జొహరాబీ దారాలు ముందు పరుచుకొని కూర్చుంది. ఆమె పద్ధతి ఏమిటంటే, దారం ముళ్ళను బట్టి ముందు కాగితం మీద కత్తిరించి, ఆ కాగితాన్ని గుడ్డ మీద పెట్టి కోసేది. తర్వాత ఆ కాగితాలకు దారం గుచ్చి గోడమేకుకు తగిలించేది. ఆ మనిషి మళ్ళీ వస్తే ఆది అక్కరలేదు. వీపుకూ ఎదకూ వార్తాపత్రిక సరిపోయింది.

"చేతికి మాత్రం ఇది పనికిరాదు. చంక వంపు కాడ ముడుచుకుంటాది. అట్ట మాదిరి గట్టి కాగితం ఏమన్నా ఉంటే తేమ్మా" అంది.

రెండు వీధుల అవతలే ఇల్లు. మామగారి పాత నోటు పుస్తకాలు వెతికింది. అన్నీ పల్చటి కాగితాలే. గట్టి కాగితం ఇంట్లో ఒక్కటే ఉంది. బీరువా తీసింది. మామగారు మఠానికి పోయి ఉన్నారు. ఉత్తరాన్ని ఒకసారి మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఒక్క తప్పు లేదు. చదువుతుంటే ఇంతకంటే మర్యాదగా ఎవరూ ఉద్యోగం మానుకోలేరనిపించింది. అడక్కుండా తీస్తున్నానే అని చెయ్యి ఒక్క క్షణం వెనకాడింది. అప్పుడు సంతకం చోటు కనబడింది. అక్కడ రాయవలసిన పేరు తనది. ఉత్తరం మడిచి కొంగు కింద పెట్టుకొని బయటికి నడిచింది.

జొహరాబీ కాగితాన్ని వేళ్ళతో రుద్ది చూసి మెచ్చుకుంది. "దీని మీద ఏందో రాసినారే. కావాల్సిందేమో?"

"వద్దు. కత్తిరించు."

మధ్యకు మడిచి, దారం పెట్టి గీసి, చంక వంపు వెంబడి కత్తెర ఆడించింది. భీమసేనరావు గారి ఇంగ్లీషు సగం చెయ్యిలో మిగిలింది, సగం తునకలై చాప మీద పడింది. పొద్దు వాలేసరికి ఇటుక రంగు జాకెట్టు తయారైంది. తక్కినవి వారం మధ్యలో ఇస్తానంది.

సోమవారం అంబాబాయి ఎనిమిదికల్లా బోర్డు ముందు కూర్చుంది. దీపాలు వెలగడం మొదలైంది. "నంబర్ ప్లీజ్" అనగానే అవతల పత్తి వ్యాపారి ఒకాయన, "ఏమ్మా, ఇన్నాళ్ళు యాడికి పోయినావు? బొంబాయి ఇయ్యి తల్లీ, బిరీన" అన్నాడు. అంబాబాయి చెయ్యి చాపింది. చంక కింద ముక్క మెత్తగా తెరుచుకుంది. తీగ పైవరసలో దిగింది, లైను కలిసింది. పదకొండింటికి అత్త పసిదాన్ని తెచ్చేసరికి ఆమె జాకెట్టు సంగతే మరిచిపోయి ఉంది. మంచి జాకెట్టంటే అదే, తొడుక్కున్నట్టు గుర్తుండదు.

ఆ సాయంత్రం భీమసేనరావు బీరువా వెతికారు. ఉత్తరం లేదు. కోడలు చించి పారేసిందనుకున్నారు. ఉద్యోగానికి పోయినందుకు కాదు గానీ అంత మంచి ఉత్తరం పోయినందుకు ఆయన మనసు కష్టపడింది. అడగలేదు. ఆమె చెప్పలేదు. చెబుదామని అనుకున్నప్పుడల్లా ఏదో పని అడ్డం వచ్చేది. అదొక ముల్లులా ఇద్దరి మధ్యా ఉండిపోయింది.

బసన్న కుట్టిన మూడు జాకెట్లూ, వంగపండు రంగుదీ ట్రంకుపెట్టె అడుక్కు పోయినాయి. పదేళ్ళకు పెద్దది ఓణీలు వేసుకునే వయసుకు వచ్చి వాటిని తొడిగింది. అచ్చంగా కొలతిచ్చి కుట్టించినట్టు పట్టినాయి. జొహరాబీ ఆ పిల్లను రమ్మన్నది ఊరికే పోలేదు.

అంతకు ముందే, 1981లో దసరాకు మనవరాలి పరికిణీ తెచ్చిపెట్టమని అత్త పోరితే భీమసేనరావు జొహరాబీ ఇంటికి పోయారు. గడప బయటే నిలబడ్డారు. పరదా పక్కకు ఉంది. గోడమేకుకు కాగితాల గుత్తులు వేలాడుతున్నాయి, అన్నీ వార్తాపత్రికల ముక్కలు. ఒక గుత్తిలో మాత్రం తెల్లటి మందపాటి కాగితం. దాని మీద తన చేతిరాత. కళ్ళద్దాలు సర్దుకొని, వంపు తిరిగిన ఆ అంచు దాకా ఉన్నంత చదివారు. "ఐ బెగ్ టు" దగ్గర తెగిపోయింది.

"ఏమమ్మా, ఆ తెల్ల కాగితం ఏంది?" అని అడిగారు.

జొహరాబీ మిషను ఆపి తలెత్తింది. "అదా సామీ? మీ కోడలి చెయ్యి."

ఆయన పరికిణీ చంకన పెట్టుకొని రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చారు.

"మంచి కాగితం అది. చెదలు పట్టకుండా చూసుకో" అని చెప్పి ఇంటికి నడిచారు.